ప్రార్థనకు నిరభ్యంతర పత్రం

మా మిట్టపాలెం సంఘంలో ఐకమత్యం లేదన్న సంగతి కిందటేడు జూను దాకా మాకు తెలియదు. జిల్లా చర్చిలన్నిటికీ పైనున్న మహాసభ కార్యాలయంవారు చెబితే తెలిసింది. అంతకుముందు తెలియకపోవడం వల్ల అందరం కలిసిమెలిసి ఉండేవాళ్ళం.

నా పేరు జ్ఞానానందం. సంఘ కార్యదర్శిని. ముప్పై రెండేళ్ళు రిజిస్ట్రారాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. కాగితం మీద రబ్బరు స్టాంపు పడే చప్పుడు వింటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, జరిగినదాంట్లో నా పాపం కూడా ఉంది. దాచినా దాగదు, అన్ని కాగితాల మీదా నా సంతకమే.

మా ఊరికి తూర్పున ఉప్పు మళ్ళు, పడమర వరి పొలాలు, మధ్యలో గుడి. సంఘంలో సగంమంది ఉప్పువాళ్ళు, సగంమంది వరివాళ్ళు. జూను వచ్చిందంటే వరివాళ్ళకి నారుమడి కోసం వాన కావాలి. ఉప్పువాళ్ళకేమో ఆఖరి ఉప్పు తీసి, కుప్పేసి, తాటాకు కప్పేదాకా ఎండ కావాలి. దేవుడు ఒక్కడే, ఆకాశం ఒక్కటే. ఆయన ఇబ్బంది ఆయనది.

ఇశ్రాయేలు వరి రైతు, యోబు ఉప్పు రైతు. ఇద్దరికీ అరవై దాటాయి. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకుంటారు. గుడిలో ఎడమవైపు మూడో బల్ల మీద పక్కపక్కనే కూర్చుంటారు. పాస్టరు అయ్యగారు “ఎవరైనా ప్రార్థించవచ్చు” అనడం ఆలస్యం, ఇశ్రాయేలు లేస్తాడు.

“తండ్రీ, నారుమడి నెర్రెలిచ్చింది. నాలుగు మబ్బులు మా ఊరికేసి తోలు.”

“ఆమేన్” అంటుంది సంఘమంతా. వెంటనే యోబు లేస్తాడు.

“తండ్రీ, మా బావకి తొందరెక్కువ. పది రోజులు ఎండ గాయించు. ఉప్పు కుప్పలో పడంగానే ఆయన వాన ఆయనకిద్దువు.”

దానికీ “ఆమేన్” అంటాం, అంతే గట్టిగా. గుడి విడిచాక ఇద్దరూ మీరాసాహెబు టీ బంకుకి పోతారు. ఆ వారం ఎవరి ప్రార్థన నెగ్గితే వాళ్ళు రెండోవాళ్ళకి టీ ఇప్పించాలి. ముప్పై ఏళ్ళుగా అదే ఆనవాయితీ.

కిందటేడు జూను మొదటి ఆదివారం మహాసభ అధ్యక్షులవారు మా సంఘ దర్శనానికి విచ్చేశారు. వెంట పరంజ్యోతి గారనే అధికారి వచ్చారు. ఏదో ప్రభుత్వ శాఖలో పెద్ద హోదాలో చేసి దిగి, ఇప్పుడు మహాసభలో ‘ఐక్యతా సమన్వయాధికారి’గా ఉన్నారు. తెల్ల సఫారీ, జేబులో మూడు రంగుల పెన్నులు. మా కృపావరం అయ్యగారు బొత్తిగా నెమ్మదస్తులు. కాలికి కుర్చీ తగిలితే కుర్చీకి క్షమాపణ చెబుతారు. ఆయన ఆ రోజు వణుకుతూ ఆరాధన నడిపించి, అలవాటుకొద్దీ “ఎవరైనా ప్రార్థించవచ్చు” అనేశారు.

ఇశ్రాయేలు వాన అడిగాడు. యోబు ఎండ అడిగాడు. మేము రెండింటికీ ఆమేన్ అన్నాం. అధ్యక్షులవారు కళ్ళు తెరిచి పరంజ్యోతి గారి వైపు చూశారు. పరంజ్యోతి గారు ఎర్ర పెన్ను తీశారు.

కోడికూర భోజనాలయ్యాక నన్ను వరండాలోకి పిలిచారు.

“కార్యదర్శి గారూ, సదరు సంఘంలో ఈ పరిస్థితి ఎంతకాలంగా కొనసాగుతున్నది?”

“ఏ పరిస్థితండీ?”

“పరస్పర విరుద్ధ విజ్ఞాపనలు! ఒకే సంఘం, ఒకే దినం, ఒకే బల్ల నుంచి రెండు వ్యతిరేక అర్జీలు పైకి పంపుతున్నారు. రెండింటికీ మీరందరూ ఏకగ్రీవంగా ఆమోదం తెలుపుతున్నారు. పైవారు ఏ ప్రాతిపదికన చర్య తీసుకోవలె?”

“ముప్పై ఏళ్ళుగా తీసుకుంటూనే ఉన్నారండీ. ఒకేడు వానొస్తుంది, ఒకేడు రాదు.”

“అదిగో, ఆ అనిశ్చితికి మూలకారణం మీరే” అన్నారాయన.

నేను ఆలోచించాను. రిజిస్ట్రారాఫీసులో ఒకే స్థలానికి రెండు దస్తావేజులొస్తే మేమూ అలాగే తల పట్టుకునేవాళ్ళం. ఆయన చెప్పింది సబబుగానే తోచింది. ఆ సబబే నా కొంప ముంచింది.

పన్నెండు రోజుల్లో తొమ్మిది పేజీల ఉత్తరువు వచ్చింది. దాంతోపాటు ఇరవై అడుగుల ఫ్లెక్సీ వచ్చింది. ‘ఏకత్వ ప్రార్థనా సంవత్సరం: ఒకే సంఘం, ఒకే స్వరం, ఒకే ప్రార్థన’ అని పెద్ద అక్షరాలు, పక్కన అధ్యక్షులవారి నవ్వు ముఖం, ఆ కింద పరంజ్యోతి గారి గంభీర ముఖం. గుడి ముందుభాగానికి కట్టించాం. కిటికీలు మూసుకుపోయి లోపల చీకటయ్యింది, గాలి ఆగింది. ఏకత్వం కోసం ఆ మాత్రం చెమట పట్టకపోతే ఎలా అని నేనే సర్దిచెప్పాను.

ఉత్తరువు సారాంశం ఇది. ఇకమీదట గుడిలో ఎవరూ నోటికొచ్చినట్టు ప్రార్థించరాదు. ప్రార్థన కావలసినవారు బుధవారంలోగా ‘ఫారం ఏడు’ నింపి కార్యదర్శికి ఇవ్వాలి. కార్యాలయంవారు అన్నిటినీ సమన్వయపరచి, శనివారానికి ఒకే ఒక్క ‘ఏకీకృత ప్రార్థన’ ముద్ర వేసి పంపుతారు. ఆదివారం అయ్యగారు దాన్ని చదవాలి. అనుమతి లేకుండా ఎవరైనా ప్రార్థన మొదలుపెడితే ఆపడానికి నాకొక ఇత్తడి చేతిగంట కూడా ఇచ్చారు. మంచి గంట. మోత ఉప్పు మళ్ళ దాకా వినిపించేది.

ఫారం ఏడులో ఎన్ని గడులున్నా, ప్రాణమంతా ఆరో గడిలో ఉంది. ‘ఈ ప్రార్థన నెరవేరినచో నష్టపోవు వ్యక్తి లేక వ్యక్తుల పేర్లు. వారి నిరభ్యంతర పత్రం జతపరచవలెను.’

మొదటి ఏకీకృత ప్రార్థన నాకింకా కంఠతా ఉంది. “తండ్రీ, వరి పంటకు ఇబ్బంది కలుగని మేరకు ఎండను, ఉప్పు పంటకు నష్టం వాటిల్లని మేరకు వానను, వీలునుబట్టి దయచేయవలసినదిగా ఇందుమూలముగా కోరడమైనది. ప్రతి ఫైలుకు.” అయ్యగారు భయంకొద్దీ అడుగున ఉన్నది కూడా వదలకుండా చదివేశారు. ‘ప్రతి ఫైలుకు’ అన్నాక కాసేపు ఆగి, ఇక అయిపోయిందనుకుని ఆమేన్ అన్నాం.

అక్కణ్ణుంచి నా వరండా ఆఫీసయ్యింది. ఉన్నమాట చెప్పొద్దూ, నాకు మహా సంబరంగా ఉండేది.

సలోమమ్మ పంటి నొప్పితో వచ్చింది. ఆరో గడి దగ్గర ఆగిపోయాం. నొప్పి ప్రార్థనతో తగ్గితే పళ్ళ డాక్టరుకి నష్టం కదా! ఆయన ఊరెళ్ళి ఉన్నాడు. నిరభ్యంతర పత్రం వచ్చేలోగా ఆవిడ పన్ను ఊడి చేతిలోకొచ్చింది. ‘అర్జీ నిరర్థకమైనందున ముగించడమైనది’ అని నేనే రాశాను.

ప్రభుదాసు అనే కుర్రాడికి సర్కారు ఉద్యోగం వచ్చిందని తెలిసి రెండు కుటుంబాలు తమ పిల్లకే అతను కుదరాలని వేరువేరుగా ఫారాలు నింపాయి. కార్యాలయంవారు సమన్వయపరచి, “సదరు వరుణ్ణి తదుపరి ఉత్తరువుల వరకు యథాతథ స్థితిలో ఉంచుము” అని ప్రార్థన పంపారు. సంఘమంతా ఆమేన్ అంది. ప్రభుదాసు ఇప్పటికీ యథాతథంగానే ఉన్నాడు. వాళ్ళమ్మ దారిలో నేను కనబడితే పక్కకి తిరిగి మెటికలు విరుస్తుంది.

అన్నం ముందు చేసే ప్రార్థనకు కూడా ఫారం కావాలా అని స్త్రీల సమాజంవాళ్ళు అడిగితే వివరణ కోరుతూ రాశాను. ‘రెండు వాక్యములకు మించని యెడల మినహాయింపు కలదు. బిర్యానీ విషయము పరిశీలనలో ఉన్నది’ అని జవాబొచ్చింది.

ఇంతదాకా నవ్వుకోవచ్చు. అసలు గొడవ అక్టోబరులో మొదలయ్యింది.

జూనులో ఇశ్రాయేలూ యోబూ ఇచ్చిన ఫారాలను కార్యాలయం తీరిగ్గా తిరగేసి, ఇద్దరికీ తాఖీదులు పంపింది. ఇశ్రాయేలు తాఖీదు నా దగ్గరకు తెచ్చి చదవమన్నాడు. ‘అర్జీదారు యోబు. ప్రతివాది ఇశ్రాయేలు’ అని చదివాను.

“ప్రతివాదంటే ఏంది గుమాస్తా గారూ?”

“ఎదుటి పక్షంవాడని.”

“నేనా? మా బావకా?”

“కాగితం ప్రకారం అంతే.”

“ఆయన రాసిచ్చాడా అట్టాగని?”

“ఫారంలో సంతకం ఆయనదే” అన్నాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. యోబు తాఖీదులో అవే పేర్లు తారుమారై ఉన్నాయి, అదీ నేనే చదివి పెట్టాను. ముప్పై ఏళ్ళు దేవుడి ముందు మొహం మీదే పోట్లాడుకున్న మనుషులు, ఒక్క కాగితంతో ముఖాలు తిప్పుకున్నారు. మరుసటి ఆదివారం ఇశ్రాయేలు కుడివైపు బల్లకి మారిపోయాడు. నాకు సిగ్గేసింది. స్టాంపు మాత్రం చాలా చక్కగా పడింది.

“ఏంది గుమాస్తా గారూ, మీవోళ్ళిద్దరూ రావట్లా?” అన్నాడు మీరాసాహెబు. “అలవాటు చొప్పున రెండు టీలు పోస్తన్నా, అవి చల్లారిపోతన్నయ్యి.”

సంవత్సరాంత నివేదికలో మాత్రం ‘మిట్టపాలెం సంఘము: విరుద్ధ ప్రార్థనలు లేవు, ఐక్యత సంపూర్ణము’ అని పడింది. జిల్లాలో మాకే మొదటి స్థానం.

ఈ ఏడు మే ఆఖర్లో యోబు ఉప్పు మడిలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. జూను మొదటి ఆదివారం దాటాక వచ్చే గురువారం ముహూర్తం. ఆయన భార్య దీనమ్మ, కూతుర్ని ఆసుపత్రిలో ఉంచి, మంగళవారం బస్సెక్కి నా దగ్గరకొచ్చింది.

“అన్నా, ఆదివారం మా ఆయన కోసం సంఘం ప్రార్థన చెయ్యాల. ఆ కాయితమేందో నువ్వే నింపు.”

నింపాను. ఆరో గడి ఖాళీగా వదిలాను. ఒక మనిషి బతికితే ఎవరికి నష్టం? శనివారం పొద్దున ఫారం తిరిగొచ్చింది. ‘ఆరో గడి పూరింపబడలేదు’ అని ఎర్ర పెన్నుతో రాసుంది. పరంజ్యోతి గారికి ఫోన్ చేశాను.

“సార్, ఆయన బతికితే నష్టపోయేవాళ్ళు ఎవరూ లేరండీ.”

“రికార్డు పరిశీలించాను” అన్నారాయన. “సదరు యోబు ప్రతి జూనులోనూ ఎండ కోరుచున్నాడు. కోలుకున్న యెడల మళ్ళీ కోరును. తద్ద్వారా ప్రతివాది ఇశ్రాయేలు నష్టపోవు అవకాశము కలదు. కనుక అతని నిరభ్యంతర పత్రం జతపరచండి. నేనేమీ మానవత్వం లేనివాణ్ణి కాను. రేపు ఏకత్వ సంవత్సర ముగింపు ఆరాధనకు స్వయంగా వస్తున్నాను. ఉదయం ఎనిమిది వరకు గడువిస్తున్నాను.”

దీనమ్మ గుడి మెట్టు మీద కూర్చుని ఉంది. చెప్పాను. కాసేపు ఆవిడకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడవను కూడా లేదు.

“నా మొగుడు బతకాలని అడగటానికి ఇంకొకళ్ళు ఒప్పుకోవాల్నా?”

“ఇంట్లో చేసుకోవచ్చమ్మా. దానికి ఫారం అక్కర్లేదు.”

“చేస్తానే ఉండా అన్నా. ఏడుపొస్తంది గానీ మాట రావట్లా. నలుగురూ కలిసి ఆమేన్ అంటే, ఆ దన్నుతో గురువారం దాకా నిలబడతా. అంతకన్నా నేనేం అడిగాను?”

ఇద్దరం కలిసి ఇశ్రాయేలు పొలానికి పోయాం. మడి దున్ని, నానబెట్టిన విత్తనాలు సిద్ధం చేసుకుంటున్నాడు. దీనమ్మను చూసి లేచి నిలబడ్డాడు. ఎనిమిది నెలలుగా ఆ ఇంటివాళ్ళతో మాటల్లేవు.

“ఎట్టా ఉండాడు?” అన్నాడు నేల చూస్తూ.

“గురువారం కోస్తారంట. అన్నా, దీని మీద నువ్వొక సంతకం పెట్టాల.”

“ఏంటది?”

నేను చదివాను. ‘యోబు అను వ్యక్తి బతుకుటకు నాకు ఎట్టి అభ్యంతరము లేదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను.’ చదువుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఇశ్రాయేలు మొహం నల్లబడింది.

“నేను పెట్టను” అన్నాడు.

దీనమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి నడిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. “ఒరే ఇశ్రాయేలూ, చావుబతుకుల్లో ఉన్నవాడి మీద ఇంత కక్షేమిట్రా? నువ్వు మనిషివేనా?” అని నానా మాటలూ అన్నాను. అతను తల వంచుకుని విత్తనాల దగ్గరికి పోయాడు. పొద్దుటిదాకా నాకు నిద్ర పట్టలేదు.

ఆదివారం పరంజ్యోతి గారు ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను పక్కన, గంట పట్టుకుని. అయ్యగారు ఏకీకృత ప్రార్థన అందుకున్నారు. “...మరియు పెండింగు అంశములను తగు పత్రములు అందిన పిమ్మట పరిశీలించవలసినదిగా...” ఆడవాళ్ళ మధ్య దీనమ్మ తల వంచుకుని కూర్చుంది. ఆ ‘పెండింగు అంశం’ ఆవిడ మొగుడే.

కుడివైపు బల్ల కిర్రుమంది. ఇశ్రాయేలు లేచాడు. నడవ దాటి ఎడమవైపు మూడో బల్ల దగ్గరికొచ్చి, యోబు కూర్చునే చోట నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

“తండ్రీ, నా దగ్గర ఫారం లేదు.”

తలలన్నీ అటు తిరిగాయి.

“మా బావ బతకటానికి నా సంతకం కావాలంటన్నారు. నేనెవర్నయ్యా సంతకం పెట్టటానికి? పెడితే ఆయన ప్రాణం నా చేతిలో ఉన్నట్టు గదా? అందుకని పెట్టలా. దీనమ్మ నన్ను తప్పనుకుంది, అనుకోనీ. ఆయన్ని బతికించు. బతికొస్తే మళ్ళీ ఎండే అడుగుతాడు, నాకు తెలుసు. అడగనీ. నువ్వియ్యి. ఆయన ఉప్పింకా మళ్ళలోనే ఉండాది, ఈ నెలంతా ఎండే గాయించు. నా నారు పోతే మళ్ళీ పోసుకుంటా. బావని ఎక్కడ్నించి తెచ్చుకునేది?”

“గంట!” అన్నారు పరంజ్యోతి గారు. “కార్యదర్శి గారూ, గంట!”

ఆ ఏడాదిలో ఆ గంట నలభై ఒక్కసార్లు కొట్టాను. మనవడి జ్వరం గురించి నోరు తెరిచిన ముసలమ్మల మీద కూడా కొట్టాను. ఈసారి చెయ్యి పైకెత్తాను, ఊపాను. రెండో చేత్తో గంట నాలుకను గట్టిగా పట్టుకుని ఊపాను.

“మోగడం లేదండీ” అన్నాను.

“ఎందుచేత?”

“తెలియదండీ. ఫిర్యాదు రాస్తాను.”

అప్పుడు సంఘం ఆమేన్ అంది. అనడమా అది! ఏడాదిపాటు గొంతులో అడ్డుపడి ఉన్నవన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. బయట ఫ్లెక్సీ కూడా ఊగింది. అందరికన్నా గట్టిగా అరిచింది కృపావరం అయ్యగారు. అరిచి, ఎవరరిచారా అని ఆయనే చుట్టూ చూశారు. దీనమ్మ మొహం మీద కొంగు తీసేసి భోరున ఏడ్చింది. అది మంచి ఏడుపు.

మూడో రోజుకల్లా రెండువందల పన్నెండు మంది సంఘస్థులకూ తాఖీదులొచ్చాయి, ‘అనుమతి లేని ప్రార్థనకు ఆమేన్ పలికినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదు?’ అని. అయ్యగారికి పెద్ద అక్షరాల్లో ఒకటి. గంట మోగకపోవుటకు కారణములు తెలుపమని నాకొకటి. ఉత్తరువు ప్రకారం నా తాఖీదు నేనే టైపు చేసి, స్టాంపు వేసి, నాకు నేనే అందజేసి, ముట్టినట్టు సంతకం తీసుకున్నాను. జూను ఆఖరి ఆదివారం విచారణ అన్నారు.

గురువారం ఆపరేషన్ అయ్యింది. యోబు కళ్ళు తెరిచాడు. ఆ కబురు ఫోన్లో వినగానే నేను ఫారం లేకుండా స్తోత్రం చెప్పాను.

ఆ నెలంతా ఎండే ఎండ. ఒక్క చినుకు లేదు. దీనమ్మ ఆసుపత్రిలో ఉంటే ఇశ్రాయేలు యోబు మళ్ళలోకి దిగాడు. వరిలో పుట్టి వరిలో పెరిగిన మనిషి, ఉప్పు తీయడం రాక కాళ్ళు పగిలి, కళ్ళెర్రబడి, నానా అగచాట్లూ పడ్డాడు. నారుమడి మాడిపోయింది. ఉప్పు మాత్రం కొండలా పెరిగింది.

“నీ ప్రార్థన నెగ్గింది గదా, టీ ఇప్పియ్యి” అన్నాడు మీరాసాహెబు.

“మా బావ రానీ” అన్నాడు ఇశ్రాయేలు.

ఆఖరి ఆదివారం యోబు ఆటోలో గుడికొచ్చాడు. సగం మనిషయ్యాడు, నోరు మాత్రం తగ్గలేదు. మూడో బల్ల మీద ఇశ్రాయేలు పక్కన కూర్చుని, “కాళ్ళేంది బావా, పీత పీకినట్టుండయ్యి?” అన్నాడు. పరంజ్యోతి గారు ఫైలు విప్పారు. విచారణ ప్రార్థనతో మొదలుపెడదామని అయ్యగారు లేచి, “ఎవరైనా ప్రార్థించ...” అని నాలిక కరుచుకున్నారు. అప్పటికే యోబు లేచాడు.

“తండ్రీ, నన్ను లేపినందుకు స్తోత్రం. ఆసుపత్రి మంచం మీద కిటికీలోంచి మబ్బులకేసి చూస్తా పడుకున్నా. మా బావ నారంతా మాడిందంట. ఎవడయ్యా నిన్ను ఎండ అడిగింది? ఇయ్యాలే వానియ్యి.”

“ఆమేన్!” అన్నాం. ఇశ్రాయేలు లేచాడు.

“తండ్రీ, కుట్లు పడ్డోడి మాట పట్టించుకోమాక. కుప్ప మీద ఆకింకా సగమే కప్పా. పది రోజులాగు.”

“ఆమేన్!”

“సగమేనా? నెల్లాళ్ళు ఏం చేస్తన్నావు బావా?”

“ప్రార్థనలో మాట్టాడమాక బావా!”

పరంజ్యోతి గారు ఫైలు అటు తిప్పారు, ఇటు తిప్పారు. “అర్జీదారు ప్రతివాది తరఫున... ప్రతివాది అర్జీదారు తరఫున... కార్యదర్శి గారూ, దీనిని ఏ గడిలో నమోదు చేయవలె?”

“దీనికి గడి లేదండీ” అన్నాను.

ఆయన ఇంకేదో అనబోతుండగా తూర్పున ఉరిమింది. ఆ పైన ఒక్క చినుకు, రెండు చినుకులు, ఇక దబదబా మొదలు. నెలనాళ్ళ బాకీ ఒక్కసారి తీర్చినట్టు కురిసింది.

“కుప్ప!” అని దీనమ్మ కేకేసింది.

విచారణలో ఉన్న రెండువందల పన్నెండు మందీ ఒక్క ఉదుటున బయటికి పరిగెత్తారు. వరివాళ్ళే ముందు. తాటాకులు సగం కుప్పకే సరిపోయాయి. మిగతా సగం తెల్లగా వానకి తెరుచుకుని ఉంది. ఒక మనిషి ఏడాది కష్టం కరిగి కాలవలో కలిసేట్టుంది. నేను గుడి వైపు చూశాను. ఫ్లెక్సీ కనబడింది. నిచ్చెన ఎక్కి కత్తితో తాళ్ళు నా చేత్తో నేనే కోశాను. గుడి లోపలికి ఏడాది తర్వాత వెలుతురొచ్చింది.

ఇరవై అడుగుల ఏకత్వాన్ని నలభైమందిమి మోసుకుపోయి కుప్ప మీద పరిచాం. దాని మీది బొమ్మలో అధ్యక్షులవారు వానకేసి చూసి నవ్వుతున్నారు. గాలికి ఫ్లెక్సీ ఎగిరిపోతుంటే నాలుగు మూలలా మనుషులు వేలాడారు. నాలుగో మూల ఎవరా అని చూస్తే పరంజ్యోతి గారు. తెల్ల సఫారీ బురదై, పెన్నులు ఎక్కడో పడిపోయి, ఫ్లెక్సీ మీది తన గంభీర ముఖాన్ని తానే రెండు చేతులా అదిమిపట్టుకుని ఉన్నారు. పట్టు జారుతోంది. ఆయన మొహం పైకెత్తి అరిచారు.

“ప్రభువా! ఒక్క అరగంట ఆపవయ్యా!”

‘ఇందుమూలముగా’ లేదు, ‘కోరడమైనది’ లేదు.

“సార్, ఫారం ఏడు?” అన్నాను అవతలి మూల నుంచి. పాత అలవాటు.

“వెనకాల పంపిస్తాలేవయ్యా! ముందు ఆ మూల గట్టిగా పట్టు!”

కుప్ప మీంచి ఇశ్రాయేలు అరిచాడు, “అరగంటకైతే నాకేం అభ్యంతరం లేదు సార్!”

వాన ఆగింది. ఎందుకాగిందో నేను చెప్పను, నాకు తెలియదు. అరగంటలో అంచులకు రాళ్ళు పెట్టి, బురద మెత్తి, కుప్ప మూసేశాం. ఆ తర్వాత మళ్ళీ మొదలై తెల్లారేదాకా కురిసింది. ఇశ్రాయేలు మళ్ళీ నారు పోసుకునేంత తడి దిగింది.

అందరం తడిసి ముద్దయి మీరాసాహెబు బంకు దగ్గర చేరాం. టీ ఎవరిప్పించాలని గొడవ. వానొచ్చింది గనక యోబు ఇప్పించాలని ఇశ్రాయేలు, నెలంతా ఎండ కాసింది గనక ఇశ్రాయేలే ఇప్పించాలని యోబు. మీరాసాహెబు గ్లాసులు వరసగా పేరుస్తూ తీర్పు చెప్పాడు.

“ఆఖరున నెగ్గింది ఈ సారు ప్రార్థన.”

పరంజ్యోతి గారు అలవాటుగా జేబులో ఎర్ర పెన్ను కోసం తడుముకున్నారు. అది దొరకలేదు. పర్సు దొరికింది. ఆనవాయితీ ప్రకారం ఆ రోజు సంఘమంతటికీ టీ ఆయనే ఇప్పించారు.